గాలి పైపు

నాజిల్ టక్కుమని ఆగిపోయింది.

మల్లేశ్వర్ మిషను మీది అంకెల వైపు చూశాడు. అర లీటరు కూడా పడలేదు. బంకులో పనిచేసే అరుణ మీట మళ్ళీ నొక్కింది. కారు కడుపులో గుడగుడమంది. డీజిల్ నురగ మూతి దాకా పొంగింది. మళ్ళీ టక్కు.

"నువ్వే ఆపుతున్నవ్," అన్నాడు మల్లేశ్వర్.

"నాకేం పని బాపూ ఆపనీకి? అదే కొట్టుకుంటున్నది. నీ బండిలనే ఏదో ఉన్నది."

"బండికేం కాలె. రెండు నెలల సంది చూస్తున్న. ఈ బంకుల అంత దొంగలే."

"దొంగలమైతె రెండు నెలల సంది మా కాడికే ఎందుకొస్తున్నవ్? మేమేమన్న నీ చుట్టాలమా?"

వెనక వరసలో ఉన్న డ్రైవర్లు నవ్వారు. మల్లేశ్వర్ నవ్వలేదు. అతను నవ్వడం మానేసి ఆరేళ్ళయింది.

నిజానికి అతను ఈ ఒక్క బంకునే తిట్టలేదు. శంషాబాద్‌లోని బంకులన్నీ తిరిగాడు, అన్నింటినీ తిట్టాడు. నాజిల్‌ను సగం బయటికి లాగి పట్టించాడు. తలకిందులుగా తిప్పి పట్టించాడు. ట్యాంకుకు కొత్త మూత కొన్నాడు. ఎక్కడికి పోయినా అదే వరస. చుక్కచుక్కగా పోస్తే పడుతుంది. పది లీటర్లకు ముప్పావు గంట. విమానాశ్రయం పార్కింగులో క్యాబు వంతు రావడానికే సగం రోజు పోతుంది కాబట్టి, మామూలు రోజుల్లో ఖాళీ బంకు చూసుకొని ఆ ముప్పావు గంట నిలబడేవాడు.

ఇవి మామూలు రోజులు కావు. రెండువేల పదకొండు సెప్టెంబరు. తెలంగాణ కోసం జనమంతా సమ్మెలో ఉన్నారు. బస్సులు డిపోలు దాటడం లేదు. రేపూ ఎల్లుండీ బంద్ అన్నారు. ఇవాళ రాత్రి ఎనిమిదింటికి బంకులు మూస్తే మళ్ళీ ఆదివారమే తెరవడం. అందుకే మధ్యాహ్నం రెండింటికే బండ్ల వరస బంకు దాటి బెంగళూరు రోడ్డు ఎక్కింది.

ఇద్దరు క్యాబు డ్రైవర్లు ముందుకొచ్చి, అలవాటైన పని కాబట్టి, చెరో పక్క నిలబడి కారును నడుములతో ఊపారు. బండిని ఊపితే గాలి పోయి ఇంకో రెండు లీటర్లు పడుతుందని ఇక్కడ అందరి నమ్మకం. ఊపుతుంటే అరుణ మీట నొక్కింది. ఓ పావు లీటరు పడి, టక్కుమంది.

వెనక హారన్లు మొదలయ్యాయి. మేనేజరు రామచంద్రయ్య గల్లాపెట్టె దగ్గరి నుంచే అరిచాడు.

"ఓ పెద్దమనిషీ, పక్కకు తియ్యి! నీ ఒక్కని కోసం రెండు వందల బండ్లు ఆగాలెనా?"

"డబ్బాల పొయ్యుండ్రి. ఇంటికి పోయి మెల్లగ పోసుకుంట."

"డబ్బాలల్ల పొయ్యొద్దని పోలీసోళ్ళ ఆర్డరు. ఎవడు దేనికి నిప్పు పెడతడో ఎవనికెరుక? తియ్యి తియ్యి."

మల్లేశ్వర్ కారు పక్కకు తీశాడు. ముల్లు ఎర్రగీత మీద పడుకుని ఉంది. ట్యాంకులో రెండు లీటర్లుంటే గొప్ప. ఆ రెండు లీటర్లతో రేపు అక్కను దవాఖానకు తీసుకుపోవడం కుదరదు.

అక్క పేరు దుర్గవ్వ. మహేశ్వరంలో కాపురం చేసింది. మొగుడు పోయాక, రెండు కిడ్నీలూ పాడయ్యాక, మల్లేశ్వరే వెళ్ళి తొండుపల్లిలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. అతనికి పిల్లలు లేరు, ఆమెకూ లేరు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, నగరానికి ఆ చివర ఉన్న దవాఖానలో ఆమెకు రక్తం కడుగుతారు. మొన్న మంగళవారం రాస్తారోకోలో ఇరుక్కుని సగం దారిలోంచి వెనక్కి వచ్చేశారు. ఒకటి తప్పింది. రెండోది తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని, ఆ తర్వాత తమ చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. రేపు శుక్రవారం. బంద్ రోజున ఊరి నడుమ నుంచి పోనివ్వరు, ఔటర్ రింగురోడ్డు మీదుగా చుట్టు తిరగాలి. పోను రాను ఎనభై కిలోమీటర్లు. దారిలో ఒక్క బంకు తెరిచి ఉండదు.

ఇంటికి పోయే దారిలో తెలిసిన రెండు మెకానిక్ షెడ్లు చూశాడు. రెండింటికీ తాళాలు. అందరూ ధర్నా దగ్గర ఉన్నారు. కంపెనీ వర్క్‌షాపు కాపలావాడు సోమవారం రమ్మన్నాడు.

ఇంటికి వచ్చేసరికి దుర్గవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు రోజులుగా పడుకోలేకపోతోంది, పడుకుంటే ఊపిరి ఆడదు. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. అయినా నోటికి మాత్రం ఏ రోగమూ రాలేదు.

"నిండిందా?"

"లేదు."

"ఎవరిని తిట్టొచ్చినవ్ ఇయ్యాల?"

మల్లేశ్వర్ చెంబెడు నీళ్ళు తాగాడు.

"యాదయ్య కాడికి పో," అంది దుర్గవ్వ.

"ఆ పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దన్న."

"నాకు రేపు మాట్లాడ ఊపిరి ఉంటదో లేదో. ఇయ్యాలనే ఎత్తుత."

అదే ఊరి యాదయ్యకు ఆరేళ్ళ కింద జీపు ఉండేది. కిరాయికి తిప్పేవాడు. ఓ సాయంత్రం మల్లేశ్వర్ భార్య సక్కుబాయికి కడుపులో నొప్పి లేచింది. పేగు మెలిపడిందని ఆ తర్వాత తెలిసింది. యాదయ్య జీపులో ఉస్మానియా దవాఖానకు బయల్దేరారు. జీపు ఆరాంఘర్ దాటి డీజిల్ లేక ఆగిపోయింది. ఇంకో బండి దొరికి, దవాఖాన చేరేసరికి ఆలస్యమైంది. అరగంట ముందు తెస్తే బతికేదన్నారు. యాదయ్య డీజిల్ పోయించుకోలేదు, సక్కుబాయి చచ్చిపోయింది. అంతే, ఇంకేమీ లేదు అందులో. ఈ మాటనే మల్లేశ్వర్ ఊళ్ళో ఇంటింటికీ చెప్పాడు. పెళ్ళిళ్ళలో చెప్పాడు, చావుల్లో చెప్పాడు. ఏడాది తిరిగేలోగా ఆ జీపు ఎక్కేవాళ్ళు లేకుండా పోయారు. యాదయ్య జీపు అమ్మేసి, శంషాబాద్ పాత రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని మెకానిక్ అయ్యాడు. ఎదురుపడితే మల్లేశ్వర్ రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు. క్షమించే గుణం అతనిలో లేదు. లేదన్న చింత కూడా లేదు.

"వాడి చేతి నీళ్ళు గూడ తాగ," అన్నాడు ఇప్పుడు.

"నీళ్ళు నువ్వేం తాగుతవ్, తాగి తాగి నీళ్ళతోని నేను సస్తున్న." దుర్గవ్వ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నీ పంతంతోని నా రక్తం కడుగుతర్రా మల్లేశా? కడుగుతమంటె చెప్పు, ఈడనే కూసుంట."

మల్లేశ్వర్ తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

* * *

యాదయ్య ఓ ఆటో ఇంజను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కారును చూశాడు, దిగిన మనిషిని చూశాడు, లేచి నిలబడ్డాడు. చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

"మల్లేశన్నా," అన్నాడు చివరికి.

"ట్యాంకు నిండుతలేదు," అన్నాడు మల్లేశ్వర్. ఆరేళ్ళ తర్వాత పలకరింపు అదే.

యాదయ్య గుడ్డ భుజాన వేసుకున్నాడు. కారు చుట్టూ తిరిగి ట్యాంకు మూత తీశాడు.

"ఎన్ని దినాల సంది?"

"రెండు నెలలు."

"మెల్లగ పోస్తె పడతదా?"

"పడతది."

"జోరుగ పోస్తె గుడగుడమని నురగ మీదికొచ్చి బంద్ అయితది. అంతేనా?"

"అంతే. అన్ని బంకులల్ల అంతే."

"బంకులను అనకన్నా. ట్యాంకంటె సీసా అసొంటిది. డీజిల్ లోపలికి పోవాలంటె ఉన్న గాలి బయటికి రావాలె. దానికని పెద్ద పైపు పక్కన చిన్న గాలి పైపు ఉంటది. అది మూసుకుంటె గాలి యాడికి పోతది? డీజిల్‌కే ఎదురొస్తది. డీజిల్ మూతి కాడ నిలబడతది. నిండిందనుకొని నాజిల్ బంద్ అయితది. నాజిల్ మంచిదే, పోసేటోళ్ళు మంచోళ్ళే."

మల్లేశ్వర్ అరుణ ముఖం గుర్తొచ్చి నేల వైపు చూశాడు.

"కందిరీగ మట్టిగూడు పెట్టి ఉంటది," అన్నాడు యాదయ్య. "ఎండల నిలబడ్డ బండ్లకు పెడతది." మూతి దగ్గర సన్న పైపు కొన ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు బూరెల్లా పొంగాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, గాలి మాత్రం కదల్లేదు. ఓ సన్నని ఇనుప తీగ దూర్చాడు. జానెడున్నర పోయి ఆగింది. తీగ బయటికి తీసి కొన చూశాడు. శుభ్రంగా ఉంది.

"మట్టి కాదు. ఇంకేదో ఉన్నది."

జాకీ పెట్టాడు. వెనక కుడి చక్రం విప్పాడు. లోపలి ప్లాస్టిక్ రేకు ఊడదీసి, టార్చి పట్టుకుని కిందికి దూరాడు. తర్వాత కారు కింది నుంచి నవ్వు వినిపించింది.

"అన్నా, ఇది ఎవడు కట్టిండు? బోరుల మోటరు దించేటప్పుడు పైపుకు కరెంటు వైరు కట్టినట్టు కట్టిండు! సైకిల్ ట్యూబు ముక్కలతోని, మూడు చోట్ల. పెద్ద పైపు, చిన్న పైపు కలిపి బిగించి పడేసిండు. చిన్నది నలిగి చపాతి అయింది."

మల్లేశ్వర్‌కు వెంటనే తెలిసిపోయింది.

శ్రావణంలో వానలు పడుతున్నప్పుడు కారులో డీజిల్ వాసన వచ్చింది. అతను ఏ మెకానిక్‌నూ నమ్మడు, తనే కిందికి దూరాడు. పెద్ద పైపు అతుకు దగ్గర తడిగా ఉంది. పక్కన సన్న పైపు వదులుగా వేలాడుతూ అదురుతోంది. పొలం ఉన్న రోజుల్లో ఊళ్ళో ఎవరి బోరులో మోటరు దించాలన్నా మల్లేశ్వర్‌నే పిలిచేవారు. అతనికి తెలిసిన కట్టు ఒక్కటే. ట్యూబు ముక్కను తెల్లబడేదాకా సాగదీసి, అయిదు చుట్లు చుట్టి, ముడి వేసి, ముడి మీద ముడి వేయాలి. అలా కట్టింది రెండు వందల అడుగుల లోతులో కూడా జారదు. అతని సొంత బోరులో కట్టిన కట్లు ఇప్పటికీ జారి ఉండవు. ఆ బోరు మీద ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి.

ఎవడో మెకానిక్ కట్టాడని చెప్పవచ్చు. యాదయ్య నమ్ముతాడు. కింది నుంచి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నేనే," అన్నాడు మల్లేశ్వర్.

నవ్వు ఆగిపోయింది.

"వాసనొస్తుండె. వదులైందని కట్టిన."

"మంచికే కట్టినవ్ లే అన్నా," అన్నాడు యాదయ్య, గొంతు తగ్గించి. "తెల్వక అయితది."

బ్లేడుతో రబ్బరు కోస్తున్న చప్పుడు వచ్చింది. మొదటి ముక్క తెగి మల్లేశ్వర్ కాళ్ళ దగ్గర పడింది. నల్లగా, ఇంకా ముడితోనే ఉంది. అతను దాన్ని చూస్తూ నిలబడ్డాడు. రెండు నెలలు ఊరిలోని బంకులన్నింటినీ దొంగలన్నాడు. కట్టింది తను. ఆ మాట అతనిలో ఎక్కడో తగిలి, దాని కిందున్న ఇంకో మాటను కదిలించింది. దాన్ని అతను ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోకుండా జాగ్రత్తపడ్డాడు.

"యాదయ్యా."

"ఆఁ."

"ఆ దినం గగన్‌పహాడ్ బంకు కాడ నువ్వు ఆగుదమన్నవ్."

బ్లేడు చప్పుడు ఆగింది.

"ఇప్పుడెందుకన్నా అది?"

"అన్నవా, లేదా?"

"అన్న."

"నేనేమన్న?"

"ఇడిసిపెట్టు."

"నేనేమన్నో చెప్పు."

కింద బ్లేడు నేల మీద పెట్టిన చప్పుడైంది.

"'ఒక్క నిమిషం ఆగినా సంపుత, పోనియ్యి' అన్నవ్."

మల్లేశ్వర్ అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు. సక్కుబాయి ఆ పూట జీపు వెనక సీట్లో అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. బంకు దీపాలు ఎడమ పక్కన కనబడ్డాయి. యాదయ్య వేగం తగ్గించాడు. ఆమె అరిచింది. తనూ అరిచాడు. ఇదంతా అతనికి తెలుసు. ఎప్పుడూ తెలుసు.

"నువ్వు ఊర్ల ఒక్కనికన్న ఎందుకు చెప్పలే?"

యాదయ్య కారు కింది నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు. గడ్డానికి మసి అంటుకుని ఉంది. మల్లేశ్వర్ వైపు చూడకుండా బ్లేడును గుడ్డతో తుడిచాడు.

"నీకు పెండ్లాం పోయింది. నాకు జీపు పోయింది. రెండు ఒకటేనా? నేను చెప్తె జనం నన్ను ఇడిసి నిన్ను పట్టుకుందురు. అప్పటికే నీకు ఇంట్ల అన్నం పెట్టేటోళ్ళు లేకపోయిరి. ఇంత దుఃఖంల అది గూడ మీదేసుడు ఎందుకని..." ఆగాడు. "ఇంగో సంగతి. స్టీరింగు నా చేతుల ఉండె. ఆగితె ఆగెటోన్ని. నువ్వు నిజంగ సంపుతుంటివా ఏంది?"

"సంపుతుంటి," అన్నాడు మల్లేశ్వర్.

యాదయ్య అతని ముఖం చూశాడు. తర్వాత ఆపుకోలేక నవ్వాడు. "సంపుతుంటివేలే, నీ సంగతి నాకెరుక లేదా," అంటూ మళ్ళీ కారు కిందికి దూరాడు.

మల్లేశ్వర్ తొండుపల్లి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. కృతజ్ఞత అన్న మాటకు అర్థం రాయమంటే రాసి మార్కులు తెచ్చుకున్నాడు. అది గుండెను ఇంత బరువుగా నొక్కుతుందని ఆ బడిలో ఎవరూ చెప్పలేదు. లేచి వెళ్ళి కారు పక్కన వంగాడు.

"టార్చి నాకియ్యి. నేను పడత."

నలిగిన పైపు మళ్ళీ గుండ్రంగా రాలేదు. యాదయ్య ఆ ముక్క కోసేసి, షెడ్డులో వెతికి అదే లావు రబ్బరు పైపు తెచ్చి అతికించాడు. రెండు వైపులా క్లిప్పులు వేశాడు. పెద్ద పైపు అతుకు దగ్గర క్లిప్పు వదులై ఉంటే దాన్నీ బిగించాడు. వాసన వచ్చింది అక్కడి నుంచే.

"గింతే బిగియ్యాలె," అన్నాడు స్క్రూడ్రైవరు తిప్పుతూ. "జారకుంటె సాలు."

చక్రం ఎక్కించాక పైపు కొన నోట్లో పెట్టుకుని మళ్ళీ ఊదాడు. ట్యాంకు లోపల్నుంచి బుడబుడమని మెత్తటి చప్పుడు వచ్చింది. ఇద్దరూ దాన్ని విన్నారు.

"అయినా బంకుల పోస్తెనే నమ్మాలె," అన్నాడు యాదయ్య. "పా, నేను గూడొస్త."

* * *

వరస మధ్యాహ్నం కన్నా పొడుగైంది. డీజిల్ పూర్తిగా అయిపోతే ఇంజనులోకి గాలి చేరుతుంది, దాన్ని తీయడం ఇంకో పని. అందుకని ఇంజను ఆపేశారు. మల్లేశ్వర్ తలుపు తెరిచి ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని తోశాడు. యాదయ్య వెనక నుంచి తోశాడు. నాలుగడుగులు తోయడం, ఆగడం. మళ్ళీ నాలుగడుగులు.

"ఏందన్నా, ఎడ్లు దొరకలేదా?" అని పక్క లారీ డ్రైవరు అడిగాడు.

"దొరికినయ్. ఇద్దరం ఉన్నం గద," అన్నాడు యాదయ్య వెనక నుంచి.

ఏడుం ముప్పావుకు మిషను దగ్గరికి చేరారు. మూసేయడానికి పావుగంట ఉంది. అరుణ మల్లేశ్వర్‌ను చూసి నాజిల్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"మళ్ళొచ్చినవా బాపూ? నా వల్ల కాదు. సారు తిడతడు."

"ఒక్కసారి పొయ్యమ్మా. ఆగితె నేనే తోసుకొని పోత."

ఆమె నాజిల్ పెట్టి మీట నొక్కింది. మల్లేశ్వర్ అంకెల వైపు చూడలేదు. వింటూ నిలబడ్డాడు. అర లీటరు దాటింది. రెండు. అయిదు. గుడగుడ లేదు, నురగ లేదు. డీజిల్ సాఫీగా, పొలం కాలువలో నీళ్ళు పారినట్టు దిగిపోతోంది. పన్నెండు. యాదయ్య పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. ఇరవై. ఇరవై ఎనిమిది. ముప్పై నాలుగు దగ్గర టక్కుమంది. అరుణ వంగి చూసింది.

"నిండింది బాపూ! నిండా నిండింది!"

మల్లేశ్వర్ మూత తిప్పి పెట్టాడు. పక్కకు పోబోయి, పోకుండా ఆగాడు. వరసలో మనుషులు దిగి నిలబడి చూస్తున్నారు.

"మధ్యాహ్నం నిన్ను దొంగ అన్న," అన్నాడు, అందరికీ వినబడేలా. "తప్పు నా బండిల ఉండె. నేను చేసిందే. నన్ను మాఫ్ చెయ్యి తల్లీ."

అరుణ అంత మాట ఎదురుచూడలేదు. నాజిల్‌ను మిషనుకు తగిలిస్తూ అంది, "అట్లనే గాని, మిగిలిన బంకులకు గూడ పోయి చెప్పొస్తవా మరి? అన్నింటిని తిట్టొచ్చినవట గద!"

"చెప్త," అన్నాడు మల్లేశ్వర్. "ఆదివారం తెరవంగనే."

అతను చెప్తాడని యాదయ్యకు తెలుసు. ఆ మనిషి మాట అంటే అన్నట్టే.

* * *

తెల్లవారి అయిదింటికి కారు తీసేసరికి ఊరి మలుపు దగ్గర యాదయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో పానాల సంచి.

"రోడ్ల మీద టైర్లు కాలవెడుతున్నరు. ఒక్కనివి అక్కను చూస్తవా, బండిని చూస్తవా?" అని ముందు సీట్లో కూర్చున్నాడు.

వెనక సీట్లో దిండ్ల మధ్య ఉన్న దుర్గవ్వ కళ్ళు తెరిచింది. "యాదిగా, మా వాని కారు ఎక్కినవా? కలనా ఏంది?"

"పనున్నదక్కా గటు దిక్కు."

"బంద్ దినం ఏం పనిరా నీకు!" అని, నవ్వబోయి దగ్గింది.

ఔటర్ మీద ఒకచోట అడ్డంగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. కండువాలు వేసుకున్న పదిమంది కుర్రాళ్ళు కారును ఆపారు. బంద్ నాడు బండి తీయడమేంటని ఒకడు బానెట్ మీద చరిచాడు. మల్లేశ్వర్ అద్దం దించాడు. అతను నోరు తెరిచే లోపే దుర్గవ్వ వెనక కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది. సూదులు గుచ్చీ గుచ్చీ నరం తాడులా ఉబ్బిన చెయ్యి అది.

"గీ చెయ్యి చూడు కొడుకా. మిషను మీద పండవెట్టి రక్తం కడుగుతరు. తెలంగాణ వచ్చేదాక బతుకుదమని ఆశ. మీరు జర రాళ్ళు తియ్యుండ్రి, నేను జర బతుకుత."

చరిచిన కుర్రాడే ముందుగా రాయి ఎత్తాడు. ఇంకొకడు మోటారుసైకిల్ ఎక్కి, తర్వాతి అడ్డం దాటేదాకా కారు ముందు నడిపించాడు. "జై తెలంగాణ అవ్వా!" అని అరిచి తిరిగిపోయాడు. దుర్గవ్వ చెయ్యి ఊపింది.

ఏడున్నరకు దుర్గవ్వను దిండ్లకు ఆనించి మిషను పెట్టారు. ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పి లోపలికి వెళ్ళింది. నాలుగు గంటలు. మల్లేశ్వర్, యాదయ్య బయట బెంచీ మీద కూర్చున్నారు. క్యాంటీను మూసి ఉంది. యాదయ్య సంచిలోంచి రొట్టెలు తీస్తే మల్లేశ్వర్ రెండు తిన్నాడు, నీళ్ళూ తాగాడు. ఆరేళ్ళు ఒక మనిషి మోసిన బరువుకు ఏం ఇచ్చి తీర్చుకోవాలో ఆలోచించాడు. ఏదీ సరిపోదని తేలింది. తనను తాను క్షమించుకోవడం గురించి ఆలోచించలేదు. అది అతని చేత కాదు, ఇక ముందూ కాదు. అయినా పక్కన మనిషి ఉన్నాడు. అది చిన్న సంగతి కాదు.

పన్నెండింటికి దుర్గవ్వను చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. ముఖం తేటపడింది. ఊపిరి మామూలుగా వస్తోంది. కానీ బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతున్నాయి. ఒంటరిగా కూర్చోబెట్టొద్దని, ఎవరైనా పట్టుకుని కూర్చోవాలని నర్సు చెప్పింది.

యాదయ్య వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "నేను పట్టుకుంట అన్నా. నువ్వు నడుపు."

"నా అక్క. నేను పట్టుకుంట," అన్నాడు మల్లేశ్వర్. జేబులోంచి తాళాలు తీసి ముందుకు చాపాడు.

యాదయ్య వెంటనే తీసుకోలేదు. జీపు అమ్మేశాక అతను షెడ్డు ముందు తప్ప ఎక్కడా ఎవరి బండీ నడపలేదు. తాళాలు చేతిలో పడ్డాక ఓసారి బరువు చూసినట్టు చూసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కారు కదిలింది. దుర్గవ్వ తల తమ్ముడి భుజం మీద ఆనింది. ఔటర్ ఎక్కాక కళ్ళు మూసుకునే అడిగింది.

"ఎవలు నడుపుతున్నరు?"

"యాదయ్య."

"మంచిగ నడుపుతుండు. నీ లెక్క గుంతలల్ల ఎత్తేస్తలేడు."

ముందు సీట్లో యాదయ్య భుజాలు నవ్వుతో కదిలాయి. రోడ్డంతా ఖాళీగా ఉంది. దూరంగా, శంషాబాద్ మీదుగా ఒక విమానం కిందికి దిగుతోంది. మల్లేశ్వర్ అక్క తలను సర్దుకుని, ముందుకు వంగాడు.

"యాదయ్యా."

"చెప్పన్నా."

చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

"ఏం లేదు," అన్నాడు. "మెల్లగ పో."